ఆంఫోరా పెంకులోని నల్లని ఇసుక

పుదుచ్చేరి మ్యూజియంలో, ఆ ఊరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడులో దొరికిన వస్తువుల మధ్య రోమన్ ఆంఫోరా (రెండు చెవుల పొడవాటి మట్టిజాడీ) పెంకును చూసినప్పుడు, కర్నూలు వాడినైన నా చూపు మొదట దాని విరిగిన అంచు మీదనే నిలిచింది. పైభాగం వెలిసిన ఇటుక రంగులో ఉన్నా, విరిగిన చోట మాత్రం సంక్రాంతి సజ్జరొట్టెకు అద్దిన నల్లనువ్వుల్లాగా నల్లని రేణువులు దట్టంగా కనిపిస్తాయి. ఇటువంటి రేణువులు ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వత ప్రాంతపు ఇసుకకు గుర్తు. అక్కడి కుమ్మరులు ఆ ఇసుక కలిసిన మట్టితో చేసిన పొడవాటి జాడీలు ద్రాక్షసారాతో నిండి, ఎర్రసముద్రం దాటి, ఋతుపవనాల ఆసరాతో మన దేశానికి చేరాయి. సారా ఇంకిపోకుండా లోపలివైపు చెట్టు బంక నుండి తీసిన, తారులాంటి కీలు పూసేవారు.

1945లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ అరికమేడును తవ్వినప్పుడు, ఇటలీ పాత్రల కాలం ముందే తెలిసి ఉండడం వల్ల, వాటితో కలిసి దొరికిన స్థానిక కుండలకూ కాలం నిర్ణయించగలిగాడు. దక్షిణాది చరిత్రకు ఇది ఎంత పెద్ద మేలో చెప్పలేను. మా తుంగభద్ర ఒడ్డున సాతానికోటలో బయటపడిన శాతవాహనుల నాటి కోటను చదివే పద్ధతికీ అటువంటి పోలికలే ఆధారం. అందుకే పొలంలో పాత పెంకు కనబడితే దాన్ని ఇంటికి తేకుండా, కడగకుండా, ఉన్నచోటే ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయమని మా ఊరి రైతులను కోరుతున్నాను. మట్టిపొర నుండి వేరైన పెంకు తన కాలాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది.