రెండు రాత్రుల కోసం పెద్ద క్యాంపర్

క్యాంపర్ అంటే బండి వెనుక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. వారాంతపు క్యాంపింగ్‌కు కావలసిన క్యాంపర్ వేరు, నెలల తరబడి తిరిగేవారికి కావలసినది వేరు. అమ్మకానికి నిలబెట్టిన చోట ఈ తేడా కంటికి ఆనదు. అక్కడ అందరూ చూసేది సోఫా ఎంత మెత్తగా ఉంది, వంటగట్టు ఎంత పొడవుంది, మంచం చుట్టూ నడిచే చోటుందా అన్నవే. శుక్రవారం పని ముగిశాక బయలుదేరి, చీకటి పడ్డాక స్థలానికి చేరి, ఆదివారం మధ్యాహ్నానికల్లా ఖాళీ చేయవలసిన కుటుంబం మాత్రం ఇంకొకటి చూసుకోవాలి: బండి ఆగిన తరువాత పిల్లలు పక్క ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? కప్పును, మంచాలను మడిచిపెట్టే మా పాప్-అప్ క్యాంపర్ స్థానంలో పెద్ద ట్రైలర్ తీసుకోవాలనుకున్నప్పుడు మేము మొదట పెట్టుకున్న కొలబద్ద ఇదే.

పాప్-అప్‌ను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. తేలికగా ఉంటుంది, మడిస్తే నడుము ఎత్తుకు దిగిపోతుంది, లాగేటప్పుడు గాలికి అడ్డు పడదు, వెనుక అద్దంలో రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. దాని ఇబ్బందులన్నీ ఆగిన తరువాతే మొదలవుతాయి. చేతిమరతో కప్పు పైకెత్తాలి, రెండు వైపులా మంచాలు బయటికి లాగాలి, వాటి కింద ఊతకర్రలు తగిలించాలి, కాన్వాస్ అంచులను చుట్టూ బిగించాలి. ఇవన్నీ తలకు కట్టుకున్న దీపం వెలుగులో చేస్తుంటే, పిల్లలు కారులో నిద్రలోకి జారుకుని, తీరా లేపేసరికి ఏడుపు మొదలుపెడతారు. ఆపైన భోజనాల బల్ల ఉంది. దాని కాలు తీసి, పలకను కిందికి దించి, దిండ్లను సరైన వరుసలో పేరిస్తేనే అది మంచమవుతుంది. చిన్నది అందులో పడుకుందంటే పెద్దవాళ్ళకు ఇక కూర్చునే చోటు ఉండదు. రాత్రి తొమ్మిదింటికే దీపం ఆర్పి గుసగుసలాడుకోవలసిందే. ఆదివారం వాన పడితే మరీ కష్టం. తడి కాన్వాస్‌ను అలాగే మడిచి ఇంటికి తెచ్చి, ఒకటి రెండు రోజుల్లోపు మళ్ళీ విప్పి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. అంటే వారాంతం సోమవారం సాయంత్రం దాకా సాగుతుంది.

కనుక మాకు కావలసినది విశాలమైన గది కాదు, ఎప్పుడూ పరిచే ఉండే మంచాలు. ఒక చివర బంక్ బెడ్లు, మరో చివర పెద్దల మంచం, నడుమ తలుపో కనీసం తెరో, రోజూ మంచంగా మార్చనక్కరలేని భోజనాల బల్ల. ఈ నాలుగూ ఉంటే మిగిలినవన్నీ అలంకారాలే. స్లైడ్-అవుట్ల విషయంలో ఇంట్లో చాలా చర్చ జరిగింది. గోడ బయటికి జరిగితే లోపల చోటు పెరుగుతుందన్నది నిజమే, అయితే ఒక్కొక్కటి వందల కిలోల బరువు తెస్తుంది, దానితోపాటు మోటారు, పట్టాలు, నీరు చొరబడే అంచులు కూడా వస్తాయి. అందుచేత చూసిన ప్రతి క్యాంపర్‌లోనూ స్లైడ్-అవుట్‌ను మూయించి లోపలికి వెళ్ళేవాళ్ళం. అది మూసి ఉన్నప్పుడు మరుగుదొడ్డికి, ఫ్రిజ్‌కు, బంక్ బెడ్లకు దారి లేకపోతే, రోడ్డు పక్కన పది నిమిషాలు ఆగినప్పుడు ఆ క్యాంపర్ మనకు ఎందుకూ పనికిరాదు. బయటికి ఎంతో ముచ్చటగా కనిపించిన కొన్ని ఈ పరీక్షలోనే పోయాయి.

ఆ తరువాతది బరువు. ఈ లెక్కను నేను పైపైన చూసి వదిలేసేవాణ్ణేమో గాని, మా శ్రీమతి నోటుపుస్తకం తీసుకుని కూర్చుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఖాళీ ట్రైలర్ బరువు. ఖాళీ ట్రైలర్‌ను ఎవరూ క్యాంపింగ్‌కు తీసుకెళ్ళరు. చూడవలసినది దాని గరిష్ఠ అనుమతి బరువు, అంటే సామానుతో, నీళ్ళతో, గ్యాస్ సిలిండర్లతో కలిపి అది మోయగల హద్దు. లాగే బండి విషయంలోనూ ఇదే తిరకాసు ఉంది. ఎన్ని కిలోలు లాగగలదో అందరూ చెబుతారు, తన మీద ఎన్ని కిలోలు మోయగలదో ఎవరూ చెప్పరు. ఉత్తర అమెరికాలో తయారయ్యే ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం మీద పడాలి. ఐరోపాలో క్యారవాన్లనే ఇలాంటి ట్రైలర్లలో ఇది 5 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. ఇంతకంటే తగ్గితే వేగం పెరిగినప్పుడు ట్రైలర్ తోక ఊగడం మొదలవుతుంది, హద్దు మించితే బండి వెనుక భాగం కుంగి, ముందు చక్రాల మీద భారం తగ్గి, స్టీరింగ్ పట్టు సడలుతుంది.

ఉదాహరణకు నిండుగా 2,500 కిలోలుండే ట్రైలర్‌ను తీసుకుందాం. పది శాతమనుకున్నా హిచ్ మీద 250 కిలోలు. బండి 600 కిలోలు మోయగలదనుకుంటే, అందులో నలుగురు మనుషులకు 250, డిక్కీలో సామానుకు 80, హిచ్ సామగ్రికి 40 పోగా మిగిలేది 230. అదే బండి 3,000 కిలోలు లాగుతుందని కాగితం మీద ఉండవచ్చు, కానీ మోసే శక్తి అంతకు ముందే అయిపోయింది. మోయగల బరువెంతో తెలిపే చీటీ చాలా బండ్లలో డ్రైవరు తలుపు చట్రం మీద అతికించి ఉంటుంది. ట్రైలర్ చూడడానికి వెళ్ళే ముందే దాన్ని ఫోటో తీసి పెట్టుకోవడం మేలు, ఎందుకంటే అమ్మేవారు ‘మీ బండి హాయిగా లాగుతుంది’ అన్నప్పుడు చూపించడానికి అంతకంటే మంచి జవాబు లేదు. బరువును ఇరుసులన్నింటికీ పంచే హిచ్ ఉపయోగపడుతుంది గాని, బండి మోయగల హద్దును అది పెంచదు. మేము బండిని మార్చదలచుకోలేదు కనుక ట్రైలర్ పొడవును 7 మీటర్ల లోపే ఉంచుకున్నాము. కొన్ని క్యాంపు స్థలాల్లో పొడవైన ట్రైలర్లకు చోటే దొరకదన్నది దీనికి తోడు.

ఈ బరువు తగాదా కొత్తదేమీ కాదు. విహారం కోసమే ప్రత్యేకంగా కట్టించిన తొలి క్యారవాన్‌గా పేరున్న ‘వాండరర్’ను 1885లో బ్రిటన్‌లో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు చేయించుకున్నాడు. దాన్ని లాగడానికి రెండు గుర్రాలు కావలసి వచ్చాయి. ముందు దారి చూసి హెచ్చరించడానికి సేవకుడొకడు మూడు చక్రాల సైకిలు మీద వెళ్ళేవాడట.

పాతది కొనేవారికి అసలు శత్రువు నీరు. తలుపు దగ్గర, స్నానాల గది పక్కన, కిటికీల కింద నేలను మడమతో నొక్కి చూడాలి. మెత్తగా కుంగితే లోపలి చెక్క చివికిందని అర్థం. మూలల్లో గోడకాగితం ఉబ్బిందా, అల్మరాల లోపల మరక ఉందా, ముక్కవాసన వస్తోందా అని చూడాలి. నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కి, గాలిమూతల చుట్టూ పూసిన సీలెంట్‌లో పగుళ్ళున్నాయేమో చూడనిదే ధర మాట ఎత్తకూడదు. టైరు పక్క గోడ మీద తేదీ గుర్తు చివర నాలుగు అంకెలుంటాయి: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. ట్రైలర్ టైర్లు అరిగిపోవడం కంటే ముందు ఎండకు, వయసుకు చెడతాయి కనుక, గీతలు నిండుగా కనిపించినా అయిదారేళ్ళు దాటితే మార్చుకోవలసిందే. చక్రాలు విప్పి బిగించాక, మొదటి 80 కిలోమీటర్ల తరువాత ఆగి, నట్లను, ఎంత బిగువుండాలో అంతే బిగించే టార్క్ రెంచితో సరిచూసుకోవాలి. గ్యాస్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారాలకు కూడా గడువు తేదీ ఉంటుంది. పాత క్యాంపర్లలో అది చాలావరకు దాటిపోయే ఉంటుంది.

స్థలానికి చేరాక ఇప్పుడు మా వరుస ఇలా ఉంటుంది. హిచ్ విప్పకముందే, ఒక వైపు చక్రం కింద దిమ్మెలు పెట్టి ఎడమ కుడి మట్టం సరిచేస్తాము. తరువాత చక్రాలకు అడ్డు దిమ్మెలు పెడతాము, ఆ తరువాతే హిచ్ విప్పి ముందు జాకీతో ముందు వెనుకల మట్టం చూస్తాము. మూలల్లోని ఊతలను నేలకు ఆనేదాకా మాత్రమే దించుతాము. అవి ఊగకుండా పట్టుకోవడానికే గాని ట్రైలర్‌ను ఎత్తడానికి కావు. చివర స్లైడ్-అవుట్. అడ్డు దిమ్మెలు పెట్టే బాధ్యత పెద్దవాడిది, వాడు ‘పెట్టేశాను నాన్నా’ అని గట్టిగా చెప్పేదాకా హిచ్ మీద ఎవరూ చేయి వేయకూడదన్నది మా ఇంటి చట్టం. గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే ఫ్రిజ్ చల్లబడడానికి గంటలు పడుతుంది కనుక దాన్ని ముందు రోజు రాత్రే ఇంటి కరెంటు మీద పెడతాము.

వెనక్కి నడపడం గురించి చాలామంది భయపడతారు, కానీ పొట్టి ట్రైలర్ కంటే పొడవైనదే ఈ విషయంలో నయం. పొట్టిది చిన్న తిప్పుకే మడతపడుతుంది. పొడవైనది నెమ్మదిగా తిరుగుతుంది, సరిదిద్దుకునే వ్యవధి ఇస్తుంది. చేతిని స్టీరింగ్ అడుగు భాగంలో పెట్టుకుంటే, చేయి ఎటు జరిగితే ట్రైలర్ తోక అటు వెళుతుంది. వెనుక నిలబడి చెప్పేవారు అద్దంలో కనిపించే చోటే నిలబడాలి, కనిపించకపోతే బండి ఆపేయాలి.

రెండు రాత్రులకు కరెంటు పెద్ద సమస్య కాదు, నీరు కూడా కాదు. లీటరు నీరు కిలో బరువు కనుక, చేరే చోట కుళాయి ఉంటే ట్యాంకును ఇంటి నుంచి నింపి మోసుకెళ్ళనక్కరలేదు. అన్నిటికంటే ముందు నిండేది గిన్నెలు, చేతులు కడిగిన నీళ్ళు చేరే గ్రే ట్యాంకు. పిల్లలు కుళాయి తిప్పి వదిలేస్తే శనివారం రాత్రికే దాని సంగతి తెలుస్తుంది. తిరుగు ప్రయాణానికి ముందు, మరుగుదొడ్డి నీళ్ళుండే బ్లాక్ ట్యాంకును మొదట వదిలి, తరువాత గ్రే ట్యాంకును తెరిస్తే ఆ నీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయి. ఆదివారం ఖాళీ చేసే వేళకు ట్యాంకులు వదిలే చోట బండ్లు బారులు తీరతాయి కాబట్టి, మేము పిల్లలు లేవకముందే ఆ పని ముగించుకుని, ట్రైలర్‌ను మళ్ళీ స్థలంలో పెట్టి, మధ్యాహ్నం దాకా అక్కడే గడుపుతాము.