ప్యానెల్ సా ప్రాణం దాని స్లైడింగ్ టేబుల్‌లో ఉంది

ప్లైవుడ్ లాంటి పెద్ద షీట్లను కోసే ప్యానెల్ సా యంత్రం కొనబోయేవారు చాలామంది మొదట మోటారు ఎన్ని హార్స్‌పవర్ అని, బ్లేడు ఎంత పెద్దదని అడుగుతారు. ఆ రెండూ అవసరమే కానీ, ఈ యంత్రాన్ని మామూలు రంపపు బల్ల నుంచి వేరు చేసేది ముందుకూ వెనక్కూ నడిచే దాని స్లైడింగ్ టేబుల్ అని, కాబట్టి ముందు దానినే చూడాలని నా గట్టి అభిప్రాయం.

ఈ టేబుల్ ఆలోచనకు మూలపురుషుడు విల్‌హెల్మ్ అల్టెండార్ఫ్. ఆయన 1906లో బెర్లిన్‌లో స్థాపించిన సంస్థ తరువాత మిండెన్ పట్టణానికి తరలి, నేటికీ ఆయన పేరుతోనే సాగుతోంది. అంతకుముందు గుండ్రటి రంపం ఉన్న బల్ల మీద చెక్కను ఫెన్సుకు, అంటే బ్లేడు పక్కన తిన్నగా బిగించిన ఆనుడు పట్టీకి, ఆనించి చేత్తో నెట్టేవారు. ఫెన్సుకు ఆనే అంచు అప్పటికే తిన్నగా లేకపోతే కోత కూడా వంకరగానే వచ్చేది కనుక, కోయడానికి ముందు చిత్రిక పట్టి ఒక అంచును సరిచేసుకోవలసి వచ్చేది. అల్టెండార్ఫ్ చెక్కను కదిలే బల్ల మీదే నిలిపి, ఆ బల్లను బ్లేడు పక్కనుంచి నడిపించాడు. దానితో చెక్క అంచు ఎలా ఉన్నా, బల్ల నడక తిన్నగా ఉంటే కోత తిన్నగా వచ్చింది. నేడు ఏ కంపెనీ ప్యానెల్ సా తీసుకున్నా అందులో పనిచేసేది ఈ సూత్రమే.

1930లలో జర్మనీలో రూపుదిద్దుకున్న పార్టికల్ బోర్డు, అంటే చెక్క ముక్కలను జిగురుతో కలిపి అదిమి చేసే పలక, రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఫర్నిచర్ తయారీలోకి విస్తారంగా రావడంతో ఈ యంత్రానికి అసలైన గిరాకీ ఏర్పడింది. పెద్ద షీటును బరువుకు వంగిపోకుండా, పొడవునా ఒకే గీతలో నడిపించడం చేతులతో అయ్యే పని కాదు. అల్టెండార్ఫ్ సంస్థ ఎఫ్45 అనే ప్యానెల్ సాలో టేబుల్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య రోలర్లు ఉంటాయి. అందువల్ల మన ఎనిమిదడుగుల షీటు, అంటే 2440 మిల్లీమీటర్ల పొడవు, ఎక్కడా పట్టేయకుండా సాగిపోతుంది. ఆ రోలర్ల దారిలో రంపపు పొట్టు పేరుకుంటే మాత్రం ఎంత ఖరీదైన యంత్రమైనా తడబడుతుంది కనుక, రోజూ తుడవడం తప్పనిసరి.

లామినేట్ అంటించిన బోర్డుకు మరో చిక్కు ఉంది. పెద్ద బ్లేడు పళ్లు పై నుంచి కిందికి దిగుతూ అడుగువైపు లామినేట్‌ను పెచ్చులుగా లేపేస్తాయి. అందుకే దానికి ముందు ఒక చిన్న స్కోరింగ్ బ్లేడు వ్యతిరేక దిశలో తిరుగుతూ, అడుగున ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు గీత ముందే కోసి పెడుతుంది. ఆ గీత పెద్ద బ్లేడు కోత కంటే సన్నమైతే పెచ్చులు లేస్తాయి, మరీ వెడల్పైతే అంచున మెట్టు కనిపిస్తుంది. ఈ సర్దుబాటులో ఓపిక చూపే ఆపరేటర్ దొరకడం వర్క్‌షాప్ యజమానికి అదృష్టమే.

కోత సరిగ్గా లంబకోణంలో వస్తోందా అన్నదానిలో, మూలమట్టం పెట్టి చూస్తే తెలియని తేడాను పట్టుకోవడానికి నేను నమ్మే పద్ధతి ఐదు కోతల పరీక్ష. దాదాపు మీటరు చదరపు బోర్డు తీసుకుని, అప్పుడే కోసిన అంచును ప్రతిసారీ క్రాస్‌కట్ ఫెన్సుకు (స్లైడింగ్ టేబుల్ మీద అడ్డంగా ఉండే ఫెన్సుకు) ఆనిస్తూ నాలుగు వైపులా కోయాలి. తరువాత మొదటి అంచునే మళ్లీ కోసి, వచ్చిన సన్నటి పట్టీ వెడల్పును రెండు కొసల దగ్గరా వెర్నియర్‌తో కొలవాలి. లంబకోణంలోని తప్పు నాలుగింతలై ఆ పట్టీలో కనబడుతుంది. తేడాను నాలుగుతో భాగిస్తే ఒక్క కోతకు వచ్చే తప్పు తెలుస్తుంది, ఆ మేరకు ఫెన్సును జరుపుకోవచ్చు.

అల్టెండార్ఫ్ సంస్థ ఇటీవల తెచ్చిన హ్యాండ్ గార్డ్ ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా హర్షిస్తున్నాను. బ్లేడు చుట్టూ ఉన్న చోటును కెమెరాలు గమనిస్తూ ఉంటాయి, చెయ్యి ప్రమాదకరంగా దగ్గరైతే అది తగలకముందే బ్లేడు బల్ల కిందికి దిగిపోతుంది. బ్లేడు పాడవదు కాబట్టి వెంటనే పని కొనసాగించవచ్చు. అటువంటి ఏర్పాటు లేని యంత్రాల దగ్గర కనీసం బ్లేడు పైకప్పునూ, కోసిన చెక్క బ్లేడును బిగించకుండా దాని వెనుక నిలిచే రైవింగ్ నైఫ్ అనే రేకునూ తీసేయకుండా ఉంచాలి. పని త్వరగా సాగుతుందని మన చిన్న వర్క్‌షాపుల్లో మొదట విప్పి పక్కన పెట్టేది ఈ రెండింటినే.