మూడో యంత్రం: యూరోపికోలా, అయిదో వారం

మిలాన్‌లో దాదాపు ప్రతి నెలా చివరి ఆదివారం నవీల్యో గ్రాందే కాలువ గట్టున పాత వస్తువుల సంత జరుగుతుంది. అక్కడే దొరికింది ఈ లా పవోని యూరోపికోలా, చేత్తో లివర్ దించి ఎస్ప్రెసో కాఫీ తీసే యంత్రం. నిలువు బాయిలర్, పక్కన నీటిమట్టం చూపే గాజు గొట్టం, ముందు పొడవాటి లివర్. క్రోమ్ పూత అక్కడక్కడ లేచిపోయి లోపలి ఇత్తడి కనిపిస్తోంది. నాకు ముందుగా నచ్చింది ఆ ఇత్తడే.

ఈ నమూనా 1961లో మొదలైంది. నాది 2000కు ముందుది. కాఫీ పొడి వేసే బుట్ట కొలిచి చూస్తే 49 మిల్లీమీటర్లు. ఆ తర్వాత వచ్చినవాటికి 51 ఉంటుంది. విడిభాగాలు తెప్పించే ముందు ఈ ఒక్క కొలత తప్పకుండా తీసుకోండి. నా రెండో యంత్రానికి తీసుకోకుండా కొన్న సీళ్లు (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు చుట్లు) ఇప్పటికీ సొరుగులోనే ఉన్నాయి.

మొదటి వారమంతా కరెంటు పని. పాత తీగ పెళుసెక్కిపోయింది, దాన్ని తీసేసి ఎర్త్ ఉన్న కొత్త తీగ వేశాను. హీటరుకూ యంత్రం ఒంటికీ మధ్య కరెంటు పారడం లేదని తేలేదాకా ప్లగ్గు పెట్టలేదు. ఇందులో తొందర పనికిరాదు.

మిలాన్ నీళ్లు బాగా గట్టివి. బాయిలర్ మూత తీసి టార్చి వేస్తే, హీటరు చుట్టూ పెంకులా తెల్లగా సున్నం. లీటరు గోరువెచ్చని నీళ్లకు 30 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పోశాను. అరగంటకు నీళ్లు లేత నీలిరంగుకు తిరిగాయి. అంటే ఆమ్లం సున్నంతో ఆగకుండా లోహాన్నీ తాకుతోందన్నమాట. వెంటనే పారబోసి, కడిగి, మళ్లీ కొత్తగా కలిపి పోశాను. ఇలా మూడు విడతలు. రాత్రంతా నానబెడితే ఇత్తడిలోని జింకు కరిగిపోయి పైన రాగి ఎరుపు తేలుతుంది. అంత నష్టం చేసుకుని సాధించేదేమీ లేదు.

అసలు పని పిస్టన్ దగ్గరే. 1940ల చివర్లో ఇదే ఊళ్లో అకిల్లే గాజియా తెచ్చిన కాఫీ యంత్రాల్లో లివర్ స్ప్రింగును బిగిస్తుంది, ఆ స్ప్రింగు పిస్టన్‌ను తోస్తుంది. యూరోపికోలాలో స్ప్రింగే లేదు. నీటిని కాఫీ పొడిలోంచి తోసేది మన చెయ్యే. పొడి మరీ మెత్తనైతే లివర్ దిగదు, బరకైతే జారిపోతుంది. ఆ తేడా అరచేతికి తెలుస్తుంది. లివర్ యంత్రాలను నేను వెతికి మరీ తెచ్చుకునేది అందుకే.

లివర్ పిన్నులు ఊడదీసి, అడుగున ఉన్న జల్లెడ తీస్తే పిస్టన్ కిందికి వచ్చేసింది. దాని మీద రెండు సీళ్లు, నల్లగా, గోరు దిగనంత గట్టిగా ఉన్నాయి. బ్లేడుతో కోసి తీయాల్సి వచ్చింది. కొత్తవాటికి ఒకవైపు పెదవిలాంటి అంచు ఉంటుంది. కింది సీలు పెదవి కిందికి, పై సీలు పెదవి పైకి చూడాలి. మొదటిసారి రెండూ కిందికే పెట్టాను. లివర్ ఎత్తకముందే జల్లెడలోంచి వేడినీళ్లు కారాయి. మళ్లీ అంతా విప్పి, ఆహార పరికరాలకు వాడే సిలికాన్ గ్రీజు పలచగా రాసి, పంటిపుల్లతో అంచును చుట్టూ కొద్దికొద్దిగా లోపలికి నొక్కుతూ పైకి పంపాను. ఇరవై నిమిషాలు పట్టింది.

నిన్న మొదటి కాఫీ. అమ్మ పంపిన అరకు గింజలు, 14 గ్రాములు. బాయిలర్ వేడెక్కుతున్నప్పుడు ఒకసారి ఆవిరి కుళాయి తెరిచి లోపలి గాలిని వదిలేశాను. లేకపోతే ఒత్తిడి ఉన్నట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం తగినంత కాగవు. లివర్ ఎత్తి, ఎనిమిది లెక్కపెట్టి, నెమ్మదిగా దించాను. మొదట చుక్కలు, తర్వాత ఎలుకతోకంత సన్నని ధార, తేనె రంగు నురగ. రెండో కప్పు కూడా బాగానే వచ్చింది. మూడో కప్పుకు ముందు భాగం మరీ వేడెక్కి చేదు దిగింది, కాబట్టి రెండు కప్పుల తర్వాత ఆపి చల్లారనివ్వాలి. మూత విప్పే ముందు స్విచ్చు ఆపి, ఆవిరి పూర్తిగా వదిలేయడం మాత్రం ఎప్పుడూ మరవకూడదు.

గాజు గొట్టం కింది వాషరు దగ్గర ఇంకా చెమ్మ తగులుతోంది. కొత్త వాషర్లు వచ్చాయి. వచ్చే శనివారం ఆ పని.