నాన్నను అడిగిన ప్రశ్నలు

అమ్మ పోయాక నాన్న పొద్దున పేపర్ మడత కూడా విప్పడం మానేశారు. 'వయసు కదా' అని సరిపెట్టుకున్నాం. నిన్న సైకియాట్రిస్ట్ డిప్రెషన్ ఉందేమో చూడటానికి ఆయనను 15 ప్రశ్నలు అడిగారు. నిద్ర, ఆకలి ఊసే లేదు! ఇంటికొచ్చి చదివితే తెలిసింది, స్టాన్‌ఫర్డ్ సైకియాట్రిస్ట్ జెరోమ్ యెసవేజ్ బృందం 1980లలో ఆ ప్రశ్నలను కావాలనే అలా తయారుచేసిందట. పెద్దవాళ్లకు నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం వేరే జబ్బుల వల్ల కూడా ఉంటాయి. అందుకే అన్నీ మనసు గురించే, అవును, కాదు అంటే చాలు. మొదట 30 ఉండేవి, 1986లో 15కి కుదించారు.

"జీవితం ఖాళీగా అనిపిస్తోందా అండీ?" అన్నప్పుడు నాన్న చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా "అవునమ్మా" అన్నారు.

ఏడాదిగా పక్కనే ఉన్నాను. ఆ మాట నేనెప్పుడూ అడగలేదు.