కనిపించే దుమ్ము, తుమ్మించే దుమ్ము

పొద్దున ఎనిమిదింటికి తుడిచిన టీవీ బల్ల మీద, సాయంత్రం బడి నుంచి వచ్చిన మా పాప వేలితో తన పేరు రాసి, కింద ఒక పువ్వు కూడా వేసింది. నల్ల బల్ల కదా, పలక మీద రాసినట్టు చక్కగా కనిపించింది. 2022 జూలై అది. మణికొండలో నాలుగో అంతస్తు మాది. పడమటి బాల్కనీకి ఎదురుగా ఉన్న స్థలంలో అప్పటికి మూడు నెలలుగా బండ కొడుతున్నారు. హైదరాబాదులో ఆషాఢం గాలి సంగతి ఇక్కడ ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆరేసిన బట్టల్ని క్లిప్పులతో సహా ఎత్తుకుపోతుంది. అదంతా పడమటి గాలే. ఆ గాలికీ మా ఇంటికీ మధ్య ఉన్నవి రాతిపొడి గుట్టలు.

దుమ్ముతో పాటే తుమ్ములు. పాపకి అప్పుడు ఎనిమిదేళ్లు. నిద్ర లేవగానే వరసగా ఏడెనిమిది తుమ్ములు, ముక్కు నలుపుకోవడం, కళ్లు ఎర్రబడటం. అత్తయ్యకి సాయంత్రమైతే పొడి దగ్గు. నేను అన్నింటినీ ఒకే లెక్కలో వేశాను. ఎదురుగా కన్‌స్ట్రక్షన్, అందుకని ఇంట్లో దుమ్ము, అందుకని తుమ్ములూ దగ్గూ. ఇంత తేలికైన లెక్కలో తప్పేం ఉంటుంది అనుకున్నా. తప్పని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది, డబ్బు కూడా బాగానే వదిలింది.

ముందు పడమటి తలుపులు మూసేశాను. కిటికీ సందులకు స్పాంజి పట్టీలు అంటించాం. బాల్కనీ తలుపు కింద తడి టవల్ పెట్టాను. రోజుకు రెండుసార్లు ఊడిపించాను. బల్ల మీద దుమ్ము బాగా తగ్గింది. తుమ్ములు తగ్గకపోగా ఆగస్టుకి ఇంకా పెరిగాయి. అప్పుడు ఆన్‌లైన్లో ఒక చిన్న డబ్బా తెప్పించాను. అయాన్లు వదిలి గాలిని శుద్ధి చేస్తుందట. మూడున్నర వేలు. రాత్రంతా నీలం లైటు వెలిగేది, అంతకు మించి అది చేసిందేమీ లేదు. ఇప్పుడది పాపకి బెడ్ లైటు.

ఆ ఊపులోనే ఆరు కుండీల్లో మనీ ప్లాంటు కూడా పెట్టాను. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న మాట 1989లో నాసా చేయించిన ఒక పరీక్ష నుంచి పుట్టింది. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసిన పరీక్ష. 2019లో అలాంటి పరీక్షలన్నీ తిరగేసి లెక్క కట్టినవాళ్లు, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసేపాటి పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలు కావాలని తేల్చారు. పైఅంచనా వెయ్యి దాకా పోయింది. మా ఆరు కుండీల వల్ల జరిగిందల్లా, ఆ ఆకుల మీద దుమ్ము తుడవడం అనే కొత్త పని చేరడం. చూడ్డానికి బాగుంటాయి కాబట్టి ఉంచుకున్నాను.

అక్టోబరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నేను కన్‌స్ట్రక్షన్ గోలంతా చెప్పాక ఆయన ఒకే ప్రశ్న అడిగారు. "పాప ఎప్పుడు ఎక్కువ తుమ్ముతుందమ్మా? బాల్కనీలో ఆడుకునేటప్పుడా, పక్క మీంచి లేవగానేనా?"

నా దగ్గర సమాధానం ఉంది. నాలుగు నెలలుగా ఉంది. నేనే దాన్ని ప్రశ్నగా వేసుకోలేదు.

దేనికి అలర్జీయో తేల్చే పరీక్ష కోసం పాప చేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కో చుక్క దగ్గర సూదితో చిన్నగా గుచ్చి, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారు. రెండు చోట్ల దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. ఒకటి డస్ట్ మైట్స్, రెండోది బొద్దింక. రెండూ ఇంటి లోపలి సరుకే, ఎదురు స్థలం నుంచి ఎగిరొచ్చినవి కావు.

మైట్స్ అంటే పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి ఆనని పురుగులు. కుట్టవు, కరవవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. తుమ్ములు తెప్పించేది వాటి విసర్జనలో ఉండే ప్రొటీను. అవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. గదిలో తేమ 50 శాతం లోపే ఉంటే ఎక్కువ కాలం బతకలేవు. ఇది వినగానే నాకు ఆగస్టు గుర్తొచ్చింది. వానాకాలంలో కిటికీలు బిగించి, తలుపు కింద తడి టవల్ పెట్టి, ఆ పురుగులకి నేను చేసిన మర్యాదలు ఇన్నీ అన్నీ కావు.

ఇక పరుపు మీద పడ్డాం. పన్నెండేళ్ల నాటి దూది పరుపు, మధ్యలో ఒకసారి దూది ఏకించి కుట్టించింది. దిండ్లు బూరుగు దూదివి, అత్తయ్య ఊరి నుంచి తెచ్చినవి. వాటిని పారేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి పాప పరుపూ దిండూ మార్చి, వాటికి నాలుగు వైపులా జిప్పు ఉండే దట్టమైన నేత కవర్లు తొడిగాం. దుప్పట్లు వారానికి ఒకసారి వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల మీద. అంతకుముందు నేను దుప్పటి మరక పడితే ఉతికేదాన్ని, లేకపోతే పది పన్నెండు రోజులకి. వేడి నీళ్లకే మైట్స్ చస్తాయి, చన్నీళ్లకి చావవు.

బొమ్మలతో ఇంకో తంటా. పాపకి ఎలుగుబంటి పక్కన లేనిదే నిద్ర పట్టదు. వేడి నీళ్లలో వేస్తే అది ఎలుగుబంటిగా తిరిగి రాదని భయం. డీప్ ఫ్రిజ్‌లో ఒక రోజు పెడితే పురుగులు చస్తాయి, తర్వాత మామూలు నీళ్లతో ఉతికితే మిగిలిన చెత్త పోతుందన్నారు. పాలిథిన్ కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టి, ఆ సంగతి అత్తయ్యకి చెప్పడం మర్చిపోయాను. పచ్చి బఠాణీల కోసం తలుపు తీసిన ఆవిడ వేసిన కేకకి పక్క ఫ్లాటు వాళ్లొచ్చారు.

నెలన్నరకి పొద్దుటి తుమ్ములు ఒకటీ రెండుకి దిగాయి. డాక్టరు ముక్కులోకి స్ప్రే కూడా ఇచ్చారు కాబట్టి అంతా పరుపు మహిమే అనను. బొద్దింకలకి వంటింటి అరల్లో జెల్ చుక్కలు పెట్టించాం. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, పనిచేసింది.

అయితే అత్తయ్య దగ్గు అలాగే ఉంది. ఈసారి ఊహించడం మానేద్దామని మా ఆయన గాలి కొలిచే మీటరు తెచ్చారు. లోపల చిన్న లేజరు, గాలిలో నలకలు లెక్కపెడుతుంది. పీఎం 2.5, పీఎం 10 అని రెండు అంకెలు చూపిస్తుంది. 2.5 అంటే రెండున్నర మైక్రాన్ల లోపువి, మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకి అటూ ఇటూ. పీఎం 10లో పది మైక్రాన్ల లోపువన్నీ వస్తాయి. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేవి ఆ రెండున్నర లోపువే. వీటికి మన దేశం పెట్టుకున్న హద్దు ఘనపు మీటరు గాలికి 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15కి తగ్గించింది. ఆ 15 మా ఇంట్లో నేను చూసింది వాన వెలిసిన రోజుల్లోనే.

మొదటి ఆదివారం మీటరుని పిల్లిపిల్లలా చంకన పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. హాల్లో పీఎం 2.5 అంకె 44. పాప పేరు రాసే బల్ల పక్కన కూడా 44. పొడిగుడ్డతో బల్లని ఒక్క దులుపు దులిపాను. పీఎం 10 ఎగిరి గంతేసింది, 2.5 పెద్దగా కదల్లేదు, పావుగంటలో రెండూ సర్దుకున్నాయి. అంటే నేను నెలల తరబడి యుద్ధం చేసిన ఆ రాతిపొడి చాలావరకు బరువుగా ఉండి, త్వరగా కిందపడిపోయే రకం. చిరాకు పెడుతుంది, ముక్కులో అడ్డం పడుతుంది, కానీ బల్ల మీద ఉన్నంతసేపు మీటరుకి కనపడదు.

వంటింట్లో పప్పులోకి పోపు వేశాను. ఎండుమిర్చి నూనెలో పడగానే 44 కాస్తా 190, 260, 310. మేం దగ్గుతూనే ఉన్నాం, అంకె ఎక్కుతూనే ఉంది. చిమ్నీ వేసే ఉంది మరి! తీరా చూస్తే దాని గొట్టం చివర యుటిలిటీ బాల్కనీలో గోడకి ఎదురుగా తెరుచుకుని ఉంది. పొగ అక్కడ ఒక చుట్టు తిరిగి, తెరిచిన తలుపులోంచి మళ్లీ వంటింట్లోకే వస్తోంది. ఆ గొట్టాన్ని గ్రిల్లు దాకా పొడిగించడానికి ప్లంబరు తీసుకున్నది 600 రూపాయలు. మొత్తం వ్యవహారంలో మేం పెట్టిన ఖర్చుల్లో ఇంతకంటే విలువైంది లేదు.

సాయంత్రం అత్తయ్య దీపం పెట్టి మూడు అగరొత్తులు వెలిగించారు. దేవుడి గది అంటే మాకు హాల్లో ఒక అలమరా. 180. శుక్రవారం సాంబ్రాణి వేస్తే మీటరు ఎరుపు దాటి ఊదా రంగుకి పోయింది. రాత్రి ఆవిడ గదిలో దోమల చక్రం, తలుపు వేసి. ఆ అంకె నేను ఇక్కడ రాయను, చౌక మీటర్లు ఆ స్థాయిలో నమ్మదగ్గవి కావు. కానీ ఒక దోమల చక్రం పూర్తిగా కాలితే వచ్చే సన్నని నలకలు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లోనే పరిశోధకులు కొలిచారు. సిగరెట్టు వాసనొస్తే మొహం తిప్పుకునే అత్తయ్య, కిటికీ వేసుకుని ఆ చక్రం పక్కనే పడుకుంటున్నారు.

చక్రం ఆ వారమే మానిపించి దోమతెర కట్టాం. అగరొత్తుల దగ్గర మాత్రం మాట పెరిగింది. "దేవుడికి కూడా మీటరు పెడతావా ఏంటే?" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

పనమ్మాయితో జరిగిన చర్చలు ఇంకో అధ్యాయం. పొడిగా ఊడిస్తే పీఎం 10 ఎలా లేస్తుందో ఆమెకి చూపించాను. ఆమె అంకెకేసి చూసి, "అక్కా, ఇప్పుడే ఊడ్చి పోతిని గదా, మళ్ల దుమ్ము ఏడికెళ్లి వచ్చె?" అంది. దుమ్ము ఎక్కడికీ పోలేదు, పైకి లేచి మళ్లీ కూర్చుంది, అంతే. దానికి తోడు కొత్త కొండచీపురు. కొన్న మొదటి పది రోజులు అది ఊడ్చేదానికంటే రాల్చేదే ఎక్కువ, సన్నటి పసుపు నూగు. ఇప్పుడు కొత్త చీపురు తెస్తే ముందు బాల్కనీ గోడకేసి బాగా కొట్టి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టాకే లోపలికి రానిస్తాం.

మా అమ్మమ్మ మట్టి అరుగు ఊడ్చేముందు చెంబుతో నీళ్లు తెచ్చి వేళ్లతో చిలకరించేది. వాకిట్లో కల్లాపి సరేసరి. దుమ్ము లేవకుండా అన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు, ఆచారం అనుకున్నా. మా పనమ్మాయికి ఆ మాటే చెప్పాను. "ఇంట్ల నీళ్లు జల్లి ఊడ్వాలెనా? గిది వాకిలా అక్కా?" అని నవ్వింది. కొంత బేరం తర్వాత, ముందు ఫ్యాన్లూ అరలూ తడిగుడ్డతో, ఆ తర్వాత నేల తడి మాపుతో, చీపురు వంటింటికీ బాల్కనీకీ మాత్రమే అన్న ఒప్పందానికి వచ్చాం. పని పెరిగింది కాబట్టి నెలకి 300 పెంచాను.

ఎయిర్ ప్యూరిఫయర్ కూడా కొన్నాం, ఈసారి లెక్క వేసుకుని. అత్తయ్య గది 11 అడుగులు, 12 అడుగులు, ఎత్తు 10. అంటే 37 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు గది గాలంతా ఫిల్టరులోంచి పోవాలంటే గంటకి 185 ఘనపు మీటర్లు తోడే సత్తా ఉండాలి. డబ్బా మీద సీఏడీఆర్ అని రాసి ఉండేది అదే. మిగతా పొగడ్తలు చదవక్కర్లేదు. మేం కొన్నది సన్నని నలకల్ని కూడా పట్టే హెపా ఫిల్టరు ఉన్నది, తలుపు వేసి నడిపితే అరగంటలో పీఎం 2.5ని 60 నుంచి 12కి తెస్తుంది. హాల్లో పెడితే దండగ. పాప గదికి మాత్రం కొనలేదు. మైట్స్ తాలూకు నలకలు పెద్దవి, పక్క దులిపినప్పుడు లేచి కొద్ది నిమిషాల్లో కిందపడతాయి, మిషను దాకా రావు. ఏసీ గాలిని శుభ్రం చేస్తుందని చాలామంది అనుకుంటారు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, బయటి గాలి తీసుకోదు. దాని జాలీ పదిహేను రోజులకోసారి కడగాలి, అంతే.

కిటికీలు మళ్లీ తెరిచాను. వేళ చూసుకుని తెరుస్తాను. చలికాలం తెల్లవారుజామున గాలి కిందే నిలిచిపోతుంది, పొద్దెక్కాక చెదురుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర గాలి కొలిచే స్టేషన్ అంకె చూసి డిసెంబరు, జనవరిల్లో మధ్యాహ్నమే తీస్తాను. బండ కొట్టిన రోజుల్లో మాత్రం వాళ్ల భోజనాల గంటే మా గాలి గంట.

ఎదురు సైటు సంగతి కూడా చెప్పాలి కదా. కట్టేచోట గాలికి అడ్డు కట్టాలని, నీళ్లు చల్లాలని, ఇసుక కప్పకుండా వదలకూడదని 2018లోనే కేంద్రం నిబంధనలు పెట్టింది. అసోసియేషన్ తరఫున నలుగురం ఆ కాగితం పట్టుకుని వెళ్లాం. సూపర్‌వైజరు కుర్చీలు వేయించి, టీ తెప్పించి, "రెండు రోజుల్లో పరదా కట్టిస్తాం మేడమ్" అన్నాడు. పచ్చ పరదా కట్టారు, నాలుగు రోజులు ట్యాంకరుతో నీళ్లు చల్లారు. ఐదో రోజు పరదా చిరిగింది. మేం మళ్లీ వెళ్లాం, మళ్లీ టీ ఇచ్చాడు. ఇప్పుడు ఆ బిల్డింగులో జనం దిగారు, దానికి పడమట ఇంకోటి లేస్తోంది.

అగరొత్తులు మూడు నుంచి ఒకటికి వచ్చాయి. అదీ తూర్పు బాల్కనీలో తులసి కోట దగ్గర. ఆషాఢంలో పొగ బయటికే పోతుంది కానీ, కార్తీకంలో గాలి తూర్పుకి తిరగ్గానే తిన్నగా హాల్లోకి వస్తుంది. మొన్న దీపం పెట్టి లోపలికొచ్చిన అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని మీటరు ముందు నిలబడ్డారు. "డెబ్బై రెండు" అని చదివి, వెనక్కెళ్లి బాల్కనీ తలుపు దగ్గరగా వేసి వచ్చారు.