మా అభ్యర్థి లేని చోట ఓటు అడగడం: నా అనుభవం

2024 మే 13న మా పోలింగ్ కేంద్రంలో రెండు యంత్రాలు పెట్టారు. ఒకటి అసెంబ్లీకి, ఇంకొకటి లోక్‌సభకు. జనసేన అభ్యర్థి రెండింటిలోనూ లేరు. నేను విజయవాడ పశ్చిమ నియోజకవర్గంలో ఆ పార్టీ బూత్ కమిటీ సభ్యురాలిని. 2019లో ఇవే వీధుల్లో తిరిగి గాజు గ్లాసుకు ఓటు వేయమని అడిగాను. ఐదేళ్లు తిరిగేసరికి అవే గడపల ముందు నిలబడి అసెంబ్లీకి కమలం, పార్లమెంటుకు సైకిల్ అని చెప్పవలసి వచ్చింది.

పొత్తు లెక్క అందరికీ తెలిసిందే. 175 అసెంబ్లీ సీట్లలో తెలుగుదేశం 144, జనసేన 21, బీజేపీ 10. పాతిక లోక్‌సభ సీట్లలో వరుసగా 17, 2, 6. మా పశ్చిమ సీటు బీజేపీ పదింటిలో పడింది. అభ్యర్థి సుజనా చౌదరి అని మార్చి నెలాఖరుకు తేలింది. మా వాళ్లలో ఈ సీటు మనదేనని ఆశపడ్డవారు చాలామంది ఉన్నారు. వాళ్ల బాధ నిజమైనదే. డివిజన్ సమావేశంలో మాత్రం ‘నిర్ణయం అయిపోయింది, జనంలోకి వెళ్లండి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు.

జనంలోకి వెళ్లి ఏం చెప్పాలి? కరపత్రంలో మూడు పార్టీల నాయకుల ఫోటోలు, హామీలు ఉన్నాయి. ఈ మనిషినే ఎందుకు నిలబెట్టారన్నది అందులో లేదు. మా వీధివాళ్లు అడిగేది అదే. నన్ను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు, నేను రేపు కూడా వాళ్ల మధ్యనే బతకాలి. వాళ్లకు నాకే తెలియని సంగతి ఎలా చెప్పగలను?

నామినేషన్ల గడువు ఏప్రిల్ 25తో ముగిసింది. ఫారం 26 అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఐదేళ్ల ఆదాయం, భార్యాభర్తల పేర, ఆధారపడినవారి పేర ఉన్న ఆస్తులు, అప్పులు, ప్రభుత్వానికి చెల్లించవలసిన బకాయిలు, కేసులు, చదువు అన్నీ అభ్యర్థి ప్రమాణం చేసి రాయాలి. అసెంబ్లీకి ఇద్దరివి, లోక్‌సభకు ఇద్దరివి, నాలుగూ జిరాక్స్ తీయించాను. ఎదుటి పార్టీ కాగితాలు కూడా పట్టుకుని తిరగడం ఏమిటని మా కమిటీలో ఒక తమ్ముడు అభ్యంతరం చెప్పాడు. ఒకరివే చూపిస్తే అది ప్రచారం అవుతుంది, ఇద్దరివీ పక్కపక్కన పెడితేనే ఎంపిక అవుతుంది అన్నాను. ఆ మాట మీద నాకు ఇప్పటికీ నమ్మకం ఉంది.

మాది చిట్టినగర్ వైపు కొండ ప్రాంతం. వన్ టౌన్ సందుల్లో ప్రచారం ఒక రకం, కొండ మీద ఇంకో రకం. మే నెల ఎండకు మెట్లు కాలిపోతుంటాయి, సాయంత్రం ఐదు దాటితే గానీ ఎక్కలేము. పై ఇళ్లకు నీళ్లు ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఆడవాళ్లు బిందెలతో మెట్ల మీదే ఉంటారు. నాకు అదే సభ. కార్లో వచ్చే నాయకులు కింద రోడ్డు మీద చేతులు ఊపి వెళ్లిపోతారు. ఆ పై ఇళ్లవారికి అభ్యర్థి గురించి ఎవరైనా చెప్పాలంటే ఎక్కి రావలసింది మాబోటి వాళ్లమే.

అక్కడ మొదటి చిక్కు లోక్‌సభ ఓటుతో వచ్చింది. కేశినేని నాని 2014లోనూ 2019లోనూ సైకిల్ గుర్తు మీద గెలిచారు. 2024లో ఆయన వైఎస్సార్సీపీ తరఫున ఫ్యాన్ గుర్తు మీద పోటీ చేశారు. సైకిల్ మీద ఆయన తమ్ముడు కేశినేని శివనాథ్ నిలబడ్డారు. ఒక పెద్దమ్మ బిందె దించి, “నాకు చెప్పనక్కర్లేదమ్మా, నా ఓటు కేశినేనికే” అంది.

“ఏ కేశినేని, పెద్దమ్మా?”

“సైకిల్ కేశినేని.”

“ఆయన ఇప్పుడు ఫ్యాన్‌లో ఉన్నారు. సైకిల్ వాళ్ల తమ్ముడిది.”

ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, “మరి నేను మనిషికి వేయాలా, సైకిల్‌కు వేయాలా?” అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! మీ పనులు చేసింది మనిషి అనుకుంటే ఒక బటన్, పార్టీ అనుకుంటే ఇంకో బటన్ అని చెప్పాను. నేను సైకిల్‌కు వేస్తానని, అందుకు నా కారణాలేమిటో కూడా చెప్పాను. ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన చూపించాను. యంత్రం మీద పేరు, గుర్తుతో పాటు ఫోటో కూడా ఉంటుంది కాబట్టి చదువు రాని వాళ్లకు అదే ఆధారం.

ఫోటో మీద నేను అంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. జనసేన బరిలో లేని కొన్ని నియోజకవర్గాల్లో గాజు గ్లాసు స్వతంత్ర అభ్యర్థులకు వెళ్లింది. అలవాటుకొద్దీ గ్లాసును వెతికే మా ఓటర్లు ఎవరో తెలియని మనిషికి ఓటు వేసి వస్తారేమోనని నాకు ఒకటే దిగులు. అందుకే గుర్తు ఒక్కటే చెప్పి ఏ ఇంటి ముందు నుంచీ కదల్లేదు. యంత్రం మీద గులాబీ రంగు కాగితం ఉంటే అసెంబ్లీది, తెల్లది ఉంటే లోక్‌సభది. నీలం బటన్ నొక్కాక పక్కన అద్దం వెనుక చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది, అది చూసుకున్నాకే కదలండి అని పదే పదే చెప్పాను.

అసెంబ్లీ అభ్యర్థి గురించి చెప్పడం ఇంతకన్నా కష్టం. మా వీధి చివర రైల్వేలో చేసి రిటైరైన బాబాయ్ ఒకరున్నారు. కళ్లజోడు సవరించుకుని రెండు అఫిడవిట్లూ పేజీ పేజీ చదివారు. ఆస్తుల దగ్గర వేలు పెట్టి, “ఇన్ని కోట్లున్న మనిషి మన కొండ ఎక్కుతాడా అమ్మాయ్?” అన్నారు.

ఎక్కుతారని నేను హామీ ఇవ్వలేదు. సుజనా చౌదరి కేంద్రంలో సహాయ మంత్రిగా చేశారు, ఢిల్లీలో పని చేయించుకోగలరన్నది మా వైపు వాదన అన్నాను. అప్పటిదాకా ఎమ్మెల్యేగా ఉన్న వెలంపల్లి శ్రీనివాస్‌ను వైఎస్సార్సీపీ విజయవాడ సెంట్రల్ నియోజకవర్గానికి మార్చి ఇక్కడ షేక్ ఆసిఫ్‌ను నిలబెట్టింది. అంటే అటు వాళ్లూ కొత్తవారినే తెచ్చారు. బాబాయ్ ఈ రెండు మాటలూ విని, “మరి ఎందుకు పెట్టారో పార్టీలు రాసి ఇవ్వాలని కోర్టు చెప్పలేదా?” అని అడిగారు. చెప్పింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం అది. కేసులున్న వ్యక్తికి ఏ పార్టీ టికెట్ ఇచ్చినా, కేసులు లేని వారిని ఎందుకు తీసుకోలేదో కారణం ప్రచురించాలి. గెలుస్తాడు కాబట్టి ఇచ్చామంటే చెల్లదు. అర్హత, చేసిన పని, ప్రతిభ చూపించాలి. ఇంత మంచి ఆదేశం గురించి మా సమావేశాల్లో ఎవరూ ఎత్తగా నేను వినలేదు. ఆ కారణాల కాగితం ప్రతి బూత్ కమిటీకీ ముందుగా చేరాలి. మేము జనం దగ్గర చెప్పవలసింది అదే కదా.

బాబాయ్ చివరికి రెండు యంత్రాల్లో రెండు పార్టీలకు వేస్తానన్నారు. ఏది ఎవరికో నేను అడగలేదు.

డబ్బు గురించి కూడా అడిగారు, దాచడమెందుకు. “వట్టి కాగితాలేనా వదినా?” అని ఒకామె మొహం మీదే అడిగింది. నా చేతి మీదుగా కాగితాలు తప్ప ఇంకేమీ రావని చెప్పి, పక్క ఇంటికి వెళ్లాను.

మే 11 సాయంత్రం ఆరింటికి ప్రచారం ఆగింది. పోలింగ్ నాడు కేంద్రానికి 200 మీటర్ల అవతల ఒక బల్ల, రెండు కుర్చీలు. తెల్ల కాగితం చీటీల మీద ఓటరు పేరు, వరుస సంఖ్య రాసి ఇచ్చాం. వాటి మీద అభ్యర్థి పేరు గానీ గుర్తు గానీ ఉండకూడదు. పెద్దమ్మ మధ్యాహ్నం ఎండ తగ్గాక కొండ దిగి వచ్చింది. ఓటు వేసి వచ్చి, “చీటీ కనబడిందమ్మా, ఫోటో చూసే నొక్కాను” అని చెప్పి వెళ్లింది.

జూన్ 4న సుజనా చౌదరి, కేశినేని శివనాథ్ ఇద్దరూ గెలిచారు. ఆ వారంలోనే పై ఇళ్లవాళ్లు నీళ్ల సంగతి, మెట్ల పక్క గోడ సంగతి రాయించి నాకు ఇచ్చారు. ఓటు అడిగింది నేనే కాబట్టి కాగితం నాకే ఇస్తారు. దాన్ని ఎమ్మెల్యే కార్యాలయంలో అందించి, ముట్టినట్టు సంతకం తీసుకుని, ఆ నకలు బాబాయ్ దగ్గర పెట్టాను.

నగరపాలక సంస్థ ఎన్నికల విషయంలో మా డివిజన్ కమిటీని ఒకటే కోరాను. కార్పొరేటర్ టికెట్ ఖరారు కాకముందే, ఆశిస్తున్న వాళ్లందరినీ ఒక సాయంత్రం కొండ ఎక్కించి ఆ మెట్ల మీద కూర్చోబెట్టాలని. తీర్మానం పుస్తకంలో రాయించాను.