రోమన్ రిపబ్లిక్ గోడ చార్ట్: క్రీ.పూ. 49 దాకా వచ్చింది

టైబీరియస్ గ్రాకస్ భూచట్టంతో, అంటే క్రీ.పూ. 133లో మొదలుపెట్టిన చార్ట్ ఇప్పుడు 49 జనవరి దాకా, సీజర్ తన ప్రాంతానికి సరిహద్దయిన రూబికాన్ నదిని సైన్యంతో దాటే దాకా వచ్చింది. ఇకముందు పని చాలా ఉంది గానీ, ఇక్కడిదాకా ఏం చేశానో, ఎలా చేశానో రాసి పెడితే ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు చార్ట్ పద్ధతి చెప్పాలి. ఈ కాలం గురించి మామూలుగా దొరికే చార్టులన్నీ మనుషుల వారీగా ఉంటాయి, మారియస్‌కి ఒక గీత, సుల్లాకి ఒక గీత, పాంపేకి ఒకటి, సీజర్‌కి ఒకటి. నేను అడ్డ వరసలు మనుషులకి కాకుండా సేనాధిపత్యాలకి ఇచ్చాను. ఉత్తర ఆఫ్రికాలోని నుమీడియాలో రాజు జుగుర్తా మీద యుద్ధం ఒక వరస, తూర్పున పాంటస్ రాజు మిత్రిడేట్స్ మీద యుద్ధం ఒక వరస, సముద్రపు దొంగలు, స్పెయిన్, గాల్ (నేటి ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ వైపు), సిరియా, అన్నిటికన్నా కింద రోమ్ నగరం. ఏ ఏడాది ఏ సైన్యం ఎవరి చేతిలో ఉందో ఆ వరసలో ఆ మనిషి పేరు పడుతుంది. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, ఈ ఎనభై ఏళ్ల గొడవలన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే: రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ ఒకరికి అప్పగించిన సైన్యాన్ని, సామాన్య ప్రజలు ఎన్నుకునే ట్రిబ్యూన్ అనే అధికారి ప్రజాసభలో చట్టం పెట్టి ఇంకొకరికి ఇవ్వొచ్చా? స్వభావాలు, పగలు, పెళ్లిళ్లు అన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

ఇక కొలతలు. 133 నుంచి 91 దాకా ఏడాదికి 2 సెంటీమీటర్లు, 91 నుంచి 60 దాకా ఏడాదికి 5, 60 నుంచి 49 దాకా నెలకి ఒక సెంటీమీటరు. మొత్తం 371 సెంటీమీటర్లు, పన్నెండు అడుగుల పైన. హాల్లో సోఫా వెనక గోడకి సరిగ్గా సరిపోయింది. మీటరు పొడవు, అరమీటరు వెడల్పు ఉండే థర్మోకోల్ షీట్లు నాలుగు పక్కపక్కన పెట్టి, మీద డ్రాయింగ్ పేపర్ రోల్ అతికించాను. ఫెవికాల్ పల్చగా రాస్తే చాలు. ఘాటు వాసన వచ్చే గమ్ములు మాత్రం వద్దు, వాటికి థర్మోకోల్ కరిగిపోతుంది. పేర్లు కాగితం మీద నేరుగా రాయకుండా చిన్న కార్డుల మీద రాసి గుండుపిన్నులతో గుచ్చుతున్నాను, కొత్తగా చదివినప్పుడల్లా ఏదో ఒకటి జరపాల్సి వస్తుంది కదా. దారాలకి ఊలు పనికిరాదు, లావుగా ఉండి కింద పేర్లని కప్పేస్తుంది. ఎంబ్రాయిడరీ దారం బాగుంది, రెండు పిన్నుల మధ్య బిగుతుగా నిలబడుతుంది.

రంగులు నాలుగే పెట్టుకున్నాను. సెనేట్ ఇచ్చిన పదవి నీలం, ప్రజాసభ చట్టంతో వచ్చింది ఆకుపచ్చ, ఒకరి చేతిలోంచి లాగి ఇంకొకరికి ఇచ్చింది ఎరుపు, చట్టం లేకుండా సొంతంగా సైన్యం పోగేసుకుంటే నలుపు. నలుపు దారం ఇరవై మూడేళ్ల పాంపే దగ్గర బాగా కనిపిస్తుంది. 83లో ఏ పదవీ లేకుండానే ఇటలీలోని పికేనంలో తన తండ్రి పలుకుబడి మీద మూడు లెజియన్లు (వేలమంది సైనికులుండే పెద్ద దళాలు) కూడగట్టి సుల్లా దగ్గరికి తీసుకెళ్లాడు.

కార్డుల్లో చిక్కు పేర్లతోనే. ఈ కాలంలో మెటెల్లస్‌లే ఆరుగురు తగిలారు: నుమిడికస్, పయస్, క్రెటికస్, కెలెర్, నెపోస్, స్కిపియో. అందుకని చివరి పేరు పెద్దక్షరాల్లో, మెటెల్లస్ అన్నది చిన్నక్షరాల్లో రాస్తున్నాను. దూరం నుంచి చూసినా ఎవరో తెలుస్తుంది.

మొదటి ఎర్ర దారం 107లో. జుగుర్తా మీద యుద్ధం మెటెల్లస్ చేతిలో ఉంది, సెనేట్ ఆయన్నే కొనసాగించింది. ఆయన కిందే పనిచేసిన మారియస్ రోమ్ వచ్చి కాన్సుల్‌గా, అంటే ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత అధికారుల్లో ఒకడిగా, గెలిచాడు, మాన్లియస్ మాన్కినస్ అనే ట్రిబ్యూన్ ప్రజాసభలో చట్టం పెట్టి ఆ యుద్ధాన్ని మారియస్‌కి ఇప్పించాడు. మెటెల్లస్ ఊరుకున్నాడు, నుమిడికస్ అన్న బిరుదు తీసుకుని ఇంటికెళ్లాడు. రక్తం చిందలేదు కాబట్టి ఈ చట్టం గురించి పుస్తకాల్లో ఒక వాక్యంలో చెప్పి దాటేస్తుంటారు, నా గోడ మీద మాత్రం ఇది చాలా ముఖ్యమైన పిన్ను. తర్వాత వచ్చినవన్నీ ఈ దారి చూసుకునే వచ్చాయి. చివరికి జుగుర్తాని పట్టుకున్నది మారియస్ కాదు, ఆయన దగ్గర క్వెస్టర్‌గా, అంటే డబ్బు లెక్కలు చూసే అధికారిగా, ఉన్న సుల్లా. 105లో మారిటేనియా రాజు బోకస్‌తో బేరమాడి జుగుర్తాని తన చేతికి అప్పగించేలా చేసుకున్నాడు, ఆ దృశ్యాన్నే ఉంగరం మీద ముద్రగా చెక్కించుకుని వాడాడు. ఉత్తరం ముద్ర వేసిన ప్రతిసారీ అది మారియస్‌కి గుచ్చుకునేదే.

రెండో ఎర్ర దారం 88, దీనికి మాత్రం ఏడాదికి 5 సెంటీమీటర్లు చాలక పక్కన ఒక పెద్ద కార్డు వేలాడదీశాను. ఆ ఏడాది కాన్సుల్ సుల్లా, మిత్రిడేట్స్ మీద యుద్ధం సెనేట్ ఆయనకే ఇచ్చింది, సైన్యం కాంపానియాలోని నోలా దగ్గర ఉంది. ట్రిబ్యూన్ సుల్పీసియస్ చట్టం పెట్టి ఆ యుద్ధాన్ని డెబ్బై ఏళ్లకి దగ్గరపడ్డ మారియస్‌కి ఇచ్చేశాడు. సైన్యాన్ని స్వాధీనం చేసుకోవడానికి మారియస్ పంపిన అధికారుల్ని సైనికులు చంపేశారు. తూర్పు యుద్ధమంటే బోలెడు దోపిడీ సొమ్ము, మారియస్ వస్తే వేరే సైన్యాన్ని తీసుకెళ్తాడేమోనని వాళ్ల భయం. సుల్లా ఆరు లెజియన్లతో రోమ్ మీదికి కదిలాడు. ఆయన వెంట ఉన్న పై అధికారుల్లో ఒక్క క్వెస్టర్ తప్ప అందరూ వదిలేసి వెళ్లిపోయారని ప్రాచీన చరిత్రకారుడు అపియన్ రాశాడు. అంటే సొంత నగరం మీదికి సైన్యం నడపడం అప్పటికి పెద్దింటి వాళ్లకి ఊహించలేని పని, సైనికులకి మాత్రం కాదు. ఊళ్లోకి వచ్చాక జనం మిద్దెల మీదినుంచి పెంకులు, రాళ్లు విసిరితే, సుల్లా ఇళ్ల కప్పుల మీదికి నిప్పు బాణాలు వేయించాడు. సుల్పీసియస్ ఆచూకీ చెప్పిన బానిసకి ముందు స్వేచ్ఛ ఇచ్చి, తర్వాత యజమానికి ద్రోహం చేశాడని టార్పియన్ కొండ మీదినుంచి తోయించాడు.

ఆ తర్వాతి పదేళ్లు గోడ మీద త్వరగానే అయిపోయాయి. సుల్లా తూర్పుకి వెళ్లగానే సిన్నా, మారియస్ తిరిగొచ్చారు, మారియస్ 86 జనవరిలో ఏడోసారి కాన్సుల్‌గా ఉండగానే పోయాడు, సుల్లా 82 నవంబర్ 1న కొలీన్ గేట్ దగ్గర గెలిచి డిక్టేటర్ అయ్యాడు, చంపాల్సినవాళ్ల జాబితాలు ఫోరంలో అంటించాడు. ట్రిబ్యూన్లకి చట్టాలు పెట్టే అధికారం తగ్గించేశాడు, ఎర్ర దారం మళ్లీ పడకూడదనే ఆయన ఉద్దేశం అని నేననుకుంటున్నాను. 70లో కాన్సుల్స్‌గా వచ్చిన పాంపే, క్రాసస్‌లు అధికారాలన్నీ ట్రిబ్యూన్లకి తిరిగిచ్చేశారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. స్పార్టకస్‌ని ఓడించింది క్రాసస్ అయితే, పారిపోతున్న ఐదు వేలమందిని దారిలో పట్టుకున్న పాంపే యుద్ధాన్ని వేళ్లతో సహా పెకలించింది తానేనని సెనేట్‌కి రాశాడు.

67, 66 దగ్గర దారాలు ఎంత చిక్కగా ఉన్నాయంటే పిన్నుకి పిన్ను తగులుతోంది. 67లో గబీనియస్ అనే ట్రిబ్యూన్ సముద్రపు దొంగల మీద పాంపేకి అధికారం ఇప్పించాడు, మధ్యధరా సముద్రం మొత్తం, తీరం నుంచి 50 మైళ్లు లోపలిదాకా. ఇంకో ట్రిబ్యూన్ ట్రెబెల్లియస్ వీటో వేశాడు. అప్పుడు గబీనియస్ ఆ వీటో వేసినవాణ్నే పదవి నుంచి దించమని ఓటింగ్ పెట్టాడు, 133లో గ్రాకస్ తన చట్టాన్ని అడ్డుకున్న తోటి ట్రిబ్యూన్‌కి చేసినట్టే. ప్రజాసభలో ఓటర్లని తెగలుగా విడదీస్తారు, ఒక్కో తెగకి ఒక్కో ఓటు. మొత్తం తెగలు 35, అంటే 18 తెగలు ఒప్పుకుంటే పదవి పోతుంది. 17 తెగల ఓట్లు పడ్డాక ట్రెబెల్లియస్ వీటో వెనక్కి తీసుకున్నాడు. ఈ ఓటింగ్‌కి నేను 35 గళ్ల చిన్న కార్డు గీసి 17 గళ్లకి రంగు వేశాను, చూసినవాళ్లంతా ముందు ఇదేమిటని అడుగుతున్నారు.

లుకుల్లస్ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. మిత్రిడేట్స్ మీద యుద్ధంలో కష్టమైన భాగమంతా చేసింది ఆయనే. ఆయన కింద ఉన్న ప్రాంతాల్ని ముక్కలు ముక్కలుగా తీసేసి, 67లో బిథీనియాని కాన్సుల్ గ్లాబ్రియోకి ఇచ్చి, 66లో మనీలియస్ చట్టంతో మొత్తం యుద్ధాన్ని పాంపే చేతిలో పెట్టారు. ఆ చట్టానికి మద్దతుగా పేరున్న వక్త, రాజకీయ నాయకుడు సిసిరో మాట్లాడాడు. లుకుల్లస్, పాంపే గలేషియాలో కలుసుకున్నారు. ఎండిపోయిన నేల మీద చాలాదూరం నడిచొచ్చిన పాంపే ముందు అధికార చిహ్నంగా కట్టెల మోపులు మోసే మనుషుల కట్టెలకి చుట్టిన లారెల్ ఆకులు వాడిపోయి ఉంటే, లుకుల్లస్ మనుషులు తమ దగ్గరున్న పచ్చి ఆకులు ఇచ్చారని ప్రాచీన రచయిత ప్లుటార్క్ రాశాడు. మొదట మర్యాదగా మాట్లాడుకున్నారు, ఆ తర్వాత తిట్టుకున్నారు. ఇంకొకరు చంపిన శవాల మీద వాలే పక్షివి నువ్వు అని లుకుల్లస్ అన్నాడట. విజయోత్సవం కోసం రోమ్ బయట ఎదురుచూసి ఎదురుచూసి 63లో గానీ చేసుకోలేకపోయాడు. ఆయన్ని ఈ రోజుల్లో విందుల కోసం గుర్తుపెట్టుకుంటున్నారంటే నాకు కష్టంగా ఉంటుంది.

60 నుంచి నెలకి ఒక సెంటీమీటరు కాబట్టి ఇక్కడ రోమన్ క్యాలెండర్ తలనొప్పి మొదలవుతుంది. వాళ్ల ఏడాదికి 355 రోజులే. జనవరికి 29, ఫిబ్రవరికి 28. ఋతువులతో సరిపెట్టడానికి మనకి అధిక మాసం ఉన్నట్టే వాళ్లకీ ఫిబ్రవరిలో ఒక అదనపు నెల కలిపే పద్ధతి ఉంది. తేడా ఎక్కడంటే మన అధిక మాసం లెక్క ప్రకారం వస్తుంది, వాళ్లది పాంటిఫ్‌లనే పూజారులు నిర్ణయిస్తే వస్తుంది, ఆ పాంటిఫ్‌లు కూడా రాజకీయ నాయకులే. నెల కలిస్తే పదవిలో ఉన్నవాడికి నెల పెరుగుతుంది. 51లో సిలీసియాకి గవర్నర్‌గా వెళ్లాల్సి వచ్చిన సిసిరో, ఈ ఏడాది అదనపు నెల పడకుండా చూడమని స్నేహితులకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 50లో ట్రిబ్యూన్ కూరియో అదనపు నెల అడిగితే దొరకలేదు, అదే సమయంలో సీజర్ పక్షానికి మారిపోయాడు. చార్ట్ కోసం నేను పై అంచున రోమన్ తేదీలు, కింది అంచున పెన్సిల్‌తో ఋతువులు రాశాను. 49 జనవరి అన్నది ఋతువుల ప్రకారం ఇంకా శరదృతువు చివరే. 52లో అదనపు నెల ఉంది, పాంపేని ఒక్కణ్నే కాన్సుల్‌గా చేసింది ఆ నెలలోనే, దానికి వేరే రంగు కాగితం ముక్క అతికించాల్సి వచ్చింది.

59 గురించి అందరికీ తెలిసిందే కాబట్టి కొద్దిగా చెప్తాను. సీజర్ తోటి కాన్సుల్ బిబులస్ నెత్తిన ఫోరంలో పేడ కుమ్మరించి, ఆయన ముందు నడిచే మనుషుల కట్టెలు విరగ్గొట్టాక, ఆయన ఏడాది చివరిదాకా ఇంట్లోనే ఉండి శకునాలు చూస్తున్నానని ప్రకటనలు పంపాడు. వటీనియస్ చట్టంతో సీజర్‌కి ఐదేళ్లపాటు సిసాల్పైన్ గాల్ (ఆల్ప్స్‌కి ఇటలీ వైపున్నది), ఇల్లీరికం వచ్చాయి, ఆల్ప్స్‌కి ఆవలి గాల్‌ని సెనేటే కలిపింది. అందుకే గాల్ వరసలో ఆకుపచ్చ, నీలం దారాలు పక్కపక్కనే పోతాయి. 55లో ఇంకో చట్టంతో ఆ గడువు పొడిగించారు. ఆ ఏడాదే స్పెయిన్ పాంపేకి, సిరియా క్రాసస్‌కి. 54లో పాంపే భార్య, సీజర్ కూతురు జూలియా చనిపోయింది, 53లో క్రాసస్ కార్హే దగ్గర పోయాడు, సిరియా వరస అక్కడ తెగిపోతుంది.

గాల్ దారం చివర మాత్రం పిన్ను గుచ్చలేదు. సీజర్ గడువు ఖచ్చితంగా ఏ తేదీకి ముగుస్తుందన్నది చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్న విషయం, అందుకని 50కీ 49కీ మధ్య దారం కొసని వదులుగా టేప్‌తో అంటించాను. పదవి పోయిన రోజున కోర్టు కేసులు మీద పడతాయి, కాబట్టి పదవిలో ఉండగానే రెండోసారి కాన్సుల్ కావాలన్నది సీజర్ పట్టు. 50 డిసెంబర్‌లో కూరియో ఒక ప్రతిపాదన పెట్టాడు, సీజర్, పాంపే ఇద్దరూ సైన్యాలు వదిలెయ్యాలని. సెనేట్‌లో 370 మంది ఔనన్నారు, 22 మంది కాదన్నారు. కాన్సుల్ మార్సెల్లస్ సభని ముగించేశాడు. ఈ రెండు అంకెల్నే నేను చార్ట్ మీద అన్నిటికన్నా పెద్దగా రాశాను. యుద్ధం వద్దన్నవాళ్లు అంతమంది ఉన్నా, ఆ నిర్ణయాన్ని అమలు చేయించే సైన్యం సెనేట్ దగ్గర లేదు, ఉన్నవి పాంపే సైన్యం, సీజర్ సైన్యం మాత్రమే. 49 జనవరి 7న అత్యవసర తీర్మానం, ట్రిబ్యూన్ ఆంటొనీ పారిపోవడం, కొద్ది రోజులకే పదమూడో లెజియన్‌తో రూబికాన్.

తర్వాతి పని 49 జనవరి నుంచి మార్చి 17న పాంపే బ్రండీసియం రేవు నుంచి ఓడలో వెళ్లిపోయే దాకా. ఈ రెండు నెలల్లో సిసిరో తన స్నేహితుడు అట్టికస్‌కి దాదాపు రోజూ రాశాడు కాబట్టి రోజుకి ఒక సెంటీమీటరు పెడుతున్నాను, 10వ తేదీ నుంచి లెక్కేస్తే 65 సెంటీమీటర్లు అవుతుంది. సోఫా గోడ అయిపోయింది, ఇది పక్క గోడకి మలుపు తిప్పి కిటికీ కింద వేయాలి. అక్కడ ఎండ పడుతుంది, స్కెచ్ పెన్ వెలిసిపోతుంది, కాబట్టి ఆ భాగం వరకు పిగ్మెంట్ ఇంకు పెన్నుతో రాస్తాను. ఉత్తరాలన్నీ తేదీల వారీగా చీటీల మీద ఎక్కిస్తున్నాను, సిసిరో ఏ ఊళ్లో ఉండి రాశాడో కూడా పక్కన వేస్తున్నాను, ఫోర్మియేలో ఉన్న రోజులే ఎక్కువ తగులుతున్నాయి.